మామ్మగారి గాబు, పెద్దవ్వ హౌజు

ఈ ఎండాకాలం మా అపార్టుమెంటుకు ట్యాంకరు వస్తేగానీ తెల్లారడం లేదు. ఎల్బీనగర్ చౌరస్తాకు కాస్త ఈవల, ఐదో అంతస్తులో ఉంటాం. బాల్కనీలో కూర్చుంటే మెట్రో రైలు పోవడం కనిపిస్తుంది. కింద ట్యాంకరు వెనక్కి వస్తుంటే మోగే కూత వినిపిస్తుంది. నాకిప్పుడు ఇంట్లో ఎవరూ పని చెప్పరు. మోకాళ్లు పోయాయి, కళ్లు సగం పోయాయి. పొద్దున్నే లేచి ఆ కూత కోసం చెవి ఒగ్గి కూర్చోవడమే నా ఉద్యోగం.

మొన్న కూత వినబడగానే మనవరాలిని పిలిచి, "కిందికి పోయి హౌజు నిండిందో లేదో చూసి రా బిడ్డా" అన్నాను.

"హౌజంటే ఏంది నానమ్మా? కింద సంపా, పైన ట్యాంకా?"

"నీళ్లు పోసుకునేది ఏదైనా నాకు హౌజే."

అది కిందికి పోలేదు. ఫోనులో ఏదో నొక్కి, "అరబ్బీ మాటనట. నీకు తెల్సా?" అంది.

తెలుసు. ఆ ఫోను పుట్టకముందే తెలుసు. నేను చదివింది నాలుగో తరగతి దాకానే. కానీ ఆ ఒక్క మాట మాత్రం ఎక్కడ పుట్టి, ఏ దారిన మా వాకిట్లోకి వచ్చిందో పిల్లప్పుడే విన్నాను. ఆ సంగతి ఇంకొకరి చెవిన పడ్డందువల్ల ఒక కడుపుతో ఉన్న మనిషి ఎంత అవస్థ పడిందో కూడా చూశాను. మనవరాలికి చెబుదామనుకున్నాను. అది అప్పటికే చెవుల్లో ఏవో పెట్టుకుని వెళ్లిపోయింది. అందుకని మీకు చెబుతున్నాను.

మాది పోచంపల్లి పక్క పల్లె. మగ్గం మీద వచ్చేది పొట్టకు చాలక, మా నాయిన దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టే పనికి కుదిరాడు. తను నేసిన చీరలాంటివే ఇంకొకరి దుకాణంలో విప్పి చూపించి, మళ్లీ మడత పెట్టడం. ఆ పని గురించి నాయిన ఇంట్లో ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు. అమ్మకు ఊళ్లో ఆసు పోసే పని ఉండేది. ఆసు అంటే చీరకు కావాల్సిన నూలు పోగును చట్రం మీద మేకులకు అటూ ఇటూ తిప్పుతూ అమర్చడం. పొద్దస్తమానం ఒక్క చెయ్యే ఆడాలి. పట్నం వచ్చేనాటికి అమ్మ కుడి భుజం పైకి లేచేది కాదు. ఎడమ చేత్తోనే జడ వేసేది నాకు.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక ఒక వాకిట్లో గది కిరాయికి తీసుకున్నాం. అప్పటికి ఇన్ని బోర్డులు, ఇన్ని హాస్టళ్లు లేవు. సందు దాటితే ద్రాక్షతోటలు. పందిళ్ల కింద చల్లగా, మందు కొట్టినప్పుడు గంధకం వాసన, కాయ పండినప్పుడు తేనెటీగల రొద. వాకిలి చుట్టూ రేకుల గదులు, నడిమిట్ల హౌజు.

నడుమెత్తు గోడలు, మూలలు గుండ్రంగా తీర్చిన సిమెంటు హౌజు. కొళాయి గొట్టం దాని అడుగునే తెరుచుకునేది. గోడ పైన పెడితే అంత ఎత్తుకు నీళ్లు ఎక్కేవి కావు మరి. రోజు విడిచి రోజు నీళ్లొచ్చేవి. అడుగు నుంచి బుడబుడమని బుగ్గలు లేస్తూ హౌజు నిండుతుంటే వాకిలంతా తడి సిమెంటు వాసన. దోమలు రాకుండా లోపల చిన్న చేపల్ని వదిలేవాళ్లు. మేం పిల్లలం గోడమీద బోర్లా పడుకుని, హౌజులో తలకాయలు పెట్టి కూతలు పెట్టేవాళ్లం. మా గొంతే పెద్దమనిషి గొంతులాగ తిరిగి వచ్చేది. చేపల్ని చేత్తో పట్టాలని చూస్తే మాత్రం పెద్దవ్వ చూరు కింద నుంచి చీపురు తీసేది.

పెద్దవ్వ అంటే ఇంటి ఓనరు. భర్త పోయాడు, పిల్లలు లేరు. బొడ్లో తాళపుచెవులు, నోట్లో ఆకువక్క. హౌజు మీద ఆమెది రాజ్యం. చెయ్యి ముంచకూడదు, చెంబే ముంచాలి. చెంబు గోడమీద బోర్లించే పెట్టాలి. సబ్బు చేతులతో దగ్గరికి వస్తే ఆ రోజు ఆ ఇంటి మీద ఒకటే నస.

మా ఊళ్లో దాన్ని గోలెం అనేవాళ్లం. అమ్మ చాలా రోజులు గోలెమే అంది. మా పక్క గదుల్లో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన వాళ్లుండేవాళ్లు. ఒక మామ్మగారు, ఆమె కొడుకు, కోడలు. వాళ్లు గాబు అనేవాళ్లు. ఒక్క హౌజుకు మూడు పేర్లు.

"పెద్దమ్మా, మీ గాబులో వేపాకులు పడ్డాయి, చూసుకోండి" అనేది మామ్మగారు.

"గాబేంది గాబు. నోరారా హౌజు అనరాదమ్మా. అంటే అరిగిపోతవా?"

"నాకు రాదమ్మా ఆ మాట. దగ్గొచ్చినట్టుంటుంది."

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. మామ్మగారు కొంగులో పోసుకొచ్చిన జంతికలు పెద్దవ్వకు పెట్టేది. పెద్దవ్వ వాటిని రోట్లో దంచుకుని తినేది, పళ్లు లేక.

మామ్మగారి కొడుకుని మేం సారు అనేవాళ్లం. సాయంత్రం వాకిట్లోనే పిల్లలకు ట్యూషన్లు చెప్పేవాడు. సన్నటి మనిషి, కంచు గొంతు. సందు చివరి దాకా వినిపించేది. ఆయనకు మాటల పిచ్చి. ఎవరైనా కొత్త మాట అంటే చెయ్యెత్తి ఆపి, "ఉండండుండండి, ఏమన్నారూ?" అని అడిగేవాడు. మా అమ్మ "సోయి" అన్నా "పైలం" అన్నా సరే, అక్కడే నిలబెట్టి దాని పూర్వాపరాలు అడిగేవాడు. అమ్మకు పప్పు మాడిపోయేది.

ఆయన భార్యను అక్కా అని పిలిచేదాన్ని. ఇరవై ఏళ్లుంటాయేమో. మొదటి కాన్పు పోయింది. బిడ్డ కడుపులోనే చచ్చిపోయిందట. ఆ ముచ్చట వాకిట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. మళ్లీ నీళ్లు పోసుకుంది. పుట్టింట్లో తల్లి లేదు. వేవిళ్లకు మా అమ్మ చేసిన జొన్నరొట్టె, పచ్చిపులుసు తప్ప ఏదీ ఇమిడేది కాదు ఆమెకు. దానికి బదులుగా గోంగూర పచ్చడి పంపేది. ఆ పచ్చడి తింటుంటే నాయినకు చెమటలు పట్టేవి, అయినా ఆపేవాడు కాదు.

మొదటి బిడ్డ పోయాక మామ్మగారు ఒక నియమం పట్టింది. మనవడో మనవరాలో బతికి బట్టకట్టేదాకా రోజూ మడినీళ్లతో దేవుడికి అభిషేకం, మడినీళ్లతోనే నైవేద్యం వండటం. ఎవరూ లేవకముందే స్నానం చేసి, తడిబట్టతో హౌజులో నీళ్లు తోడుకుని పోయేది. ఆ ఒక్క బిందె తీసుకుపోయేదాకా ఆమెకు ఎవరూ తగలకూడదు. పెద్దవ్వకు ఈ మడి సంగతి సగం అర్థమయ్యేది కాదు గానీ, ఆమె వచ్చే వేళకు చెంబు తోమి గోడమీద బోర్లించి పెట్టేది. ఆ మర్యాద ఉండేది వాళ్ల మధ్య.

అలా జరిగిపోతుంటే ఒక ఆదివారం సారు చేతిలో చీటీ ఊపుకుంటూ లైబ్రరీ నుంచి వచ్చాడు. మధ్యాహ్నం. వాకిట్లో మామ్మగారు వడియాలకు పిండి కలుపుతోంది, పెద్దవ్వ ఆకు నములుతోంది, అమ్మ నా తల చూస్తోంది. నిధి దొరికినవాడిలా ఉన్నాడు.

"దొరికిందమ్మా. హౌజు ఇంటి పేరు దొరికింది."

"ఎవరింటి పేర్రా?" అంది మామ్మగారు.

"ఈ గాబుదే. అది అరబ్బీ మాటమ్మా. నీళ్లు నిలవ చేసుకునే కట్టడాన్ని అక్కడ హౌజ్ అంటారు. అక్కణ్ణుంచి పారశీకంలోకి, దాన్నుంచి ఉర్దూలోకి, నవాబుల కాలంలో ఇక్కడి తెలుగులోకి. మసీదు ముంగిట్లో చూడు, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి నీళ్ల తొట్టి కడతారే, అసలు దానికే ఎక్కువగా వాడతారు ఈ పేరు. చూశావా ఎంత దూరం నడిచొచ్చిందో."

"మా అత్త అన్నది, మేమన్నం. గింత కత ఉన్నదా దానికి?" అంది పెద్దవ్వ, కొంచెం గర్వంగానే.

"ట్యాంకు మాత్రం ఇంగ్లీషువాడిదనుకుంటున్నారా పెద్దమ్మా? గుజరాతు వైపునుంచి పోయిందని కొందరు, పోర్చుగీసువాళ్లు ఇచ్చారని కొందరు. నీళ్ల మాటలన్నీ ఇంతేనండీ. నీళ్లలాగే పారతాయి."

ఆయన ఇంకా చెబుతున్నాడు. మామ్మగారు పిండి కలపడం ఆపేసింది. చేతికి అంటిన పిండి అంటినట్టే ఉంది. హౌజు వంక చూస్తోంది, అంతకుముందు ఎప్పుడూ చూడనట్టు.

"అంటే కాళ్లు కడుక్కునే నీళ్లటరా అది?" అంది.

"మసీదులోదమ్మా. ఇది మనింట్లోది."

"పేరదేగా."

మామ్మగారికి ఎవరిమీదా ద్వేషం లేదు. గాజులమ్మే బీబమ్మ వస్తే అరుగుమీద కూర్చోబెట్టుకుని గంటలకొద్దీ కబుర్లు చెప్పేది. ఆమెకు ఉన్నది భయం. ఒక బిడ్డ పోయింది. దేవుడికి తను చేసే దాంట్లో ఎక్కడో లోపం వచ్చిందని అనుకునేది. ఇంకో లోపం దొరికితే చాలు, ప్రాణం గిలగిలలాడేది. ఇన్నాళ్లూ ఆ నీళ్లతోనా నేను అభిషేకం చేసింది అని ఆమె కడుపులో పడింది. ఇక దాన్ని ఎవరూ తియ్యలేకపోయారు.

మర్నాటి నుంచి హౌజు నీళ్లు స్నానానికి, గిన్నెలకు. మడికి మాత్రం ద్రాక్షతోట బావి నీళ్లు. బావి దూరం. మామ్మగారివి వాచిన మోకాళ్లు. గేటు దాకా పోయి గోడ పట్టుకుని నిలబడిపోయింది. అప్పుడు అక్క తనే, "మీరు కూర్చోండి అత్తయ్యగారూ, నేను తెస్తాను" అంది. ఎవరూ పొమ్మనలేదు. వద్దని కూడా అనలేదు.

అలా మొదలైంది.

తెల్లవారుతుండగా అక్క బావి దగ్గరకు పోయేది. అక్కడే రెండు బకెట్లు తలమీద గుమ్మరించుకుని, తడి చీరతో మడినీళ్లు తోడి, బిందె చంకన పెట్టుకుని నడిచొచ్చేది. దారిలో మనిషిగానీ కుక్కగానీ తగిలితే మళ్లీ వెనక్కి పోవాలి. అందుకని నన్ను తోడు పంపేది అమ్మ. నేను ముందు నడుస్తూ, "జరుగుండ్రి, జరుగుండ్రి, మడి వస్తున్నది" అని అరిచేదాన్ని. పాలవాడు సైకిలు దిగి గోడకు అతుక్కుపోయేవాడు. రాణిగారి ముందు నడిచే బంటులా ఉండేది నా నడక. తోట మాలి పుల్లటి పచ్చి ద్రాక్ష ఇచ్చేవాడు, అక్క స్నానానికి ముందే ఉప్పూ కారం పెట్టుకుని ఇద్దరం తినేవాళ్లం. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం అక్క మాట్లాడేది కాదు. ఊపిరి వినిపించేది. బిందె నీళ్లు తొణికి ఆమె పొట్టమీదుగా కారేవి.

మా అమ్మ ఊరుకోలేక ఒకనాడు మామ్మగారితో అంది. "అమ్మా, నీ పూజకు దండం. గని ఉత్త మనిషి గాదు పిల్ల. బరువు మోస్తున్నది."

"నాకు తెలీదా అమ్మా? ఆ పిల్ల కోసమేగా ఈ పూజంతా" అంది మామ్మగారు. కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె నిజంగానే అలా అనుకుంది. అదే దానిలో కష్టం.

పెద్దవ్వ మాత్రం మామ్మగారితో మాటలు మానేసింది. "నా మొగడు మేస్త్రి పక్కన నిలబడి కట్టించిండు గీ హౌజు. ఇయ్యాల గిది మైలపడ్డదట" అని చేపలకు చెప్పుకునేది. చెంబు మాత్రం మామ్మగారి వేళకు తోమి పెట్టడం ఆపలేదు. అలవాటో, పంతమో.

సారుకు ఇదంతా కనిపించేది. ఆయన పొద్దున్నే లేచేసరికి బిందె ఇంట్లో ఉండేది. కాఫీ తాగుతూ తల్లితో, "అమ్మా, పేరులో ఏముందే" అని ఒకసారి మొదలుపెట్టాడు. "ఏమీ లేకపోతే లైబ్రరీకి ఎందుకెళ్లావురా?" అంది ఆవిడ. ఆయన మిగిలిన కాఫీ గటగటా తాగేశాడు. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

ఎండలు ముదిరాయి. తోటలో కాలవ తెగి గట్టంతా బురద అయ్యింది. ఆ పొద్దు నేను ముందు నడుస్తున్నాను, పాటలాగా అరుస్తున్నాను. వెనక చప్పుడైంది. తిరిగి చూస్తే బిందె దొర్లుకుంటూ పోతోంది, అక్క గట్టుమీద చతికిలబడి రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకుని ఉంది. ఏడవడం లేదు. నా వంక చూసి, "మీ అమ్మని పిలుచుకురా. పరిగెత్తొద్దు, నువ్వూ పడతావు" అంది.

నేను పరిగెత్తాను.

అమ్మ, పెద్దవ్వ వచ్చి ఆమెను లేపారు. తడి చీరకు నెత్తురు మరక కనిపించింది. పెద్దవ్వ తన కొంగు విప్పి ఆమె చుట్టూ కప్పింది. రిక్షా ఎక్కించి దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరమ్మ చూసి, బిడ్డ ఉంది, కానీ కాన్పు దాకా మంచం దిగొద్దు, చెంబు కూడా ఎత్తొద్దు అని చెప్పి ఇంటికి పంపిందట.

మామ్మగారు ఆ రోజు ముద్ద ముట్టలేదు. దేవుడి ముందు కూర్చుని ఉండిపోయింది. ఆ ఒక్కరోజే ఆమె దేవుడికి నీళ్లు లేవు.

మా గదికీ వాళ్ల గదికీ మధ్య రేకు గోడ. మాటలన్నీ ఇటు వచ్చేవి. మధ్యాహ్నం అమ్మ బియ్యం ఏరుతోంది. అవతల సారు గొంతు వినిపించింది, ఆయన గొంతులాగ లేదు.

"నేను అమ్మకి ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది."

"చెప్పినందుకు కాదండీ" అంది అక్క. "మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో లైబ్రరీ అంతా వెతికారు. మీ ఇంట్లోకి మడినీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ఒక్కపొద్దు నా వెనకాల వచ్చి చూశారా?"

అమ్మ చేట కింద పెట్టి నా చెవులు మూసింది, అప్పటికే అంతా విన్నాక.

మర్నాడు తెల్లవారుతుండగా సారు తడి పంచెతో బిందె మోసుకుంటూ వచ్చాడు.

సందంతా చూసింది. మగవాడు మడినీళ్లు తేవడం వింత కాదంట వాళ్లలో. కానీ ఆయనకు బిందె ఎత్తడం రాదు. చంకన పెట్టుకుంటే జారుతుంది, భుజాన పెట్టుకుంటే ఒలుకుతుంది. ఇంటికి వచ్చేసరికి సగమే ఉండేవి. పెద్దవ్వ అరుగుమీద నుంచి, "సారూ, హౌజు కతంతా జెప్తివి. బిందె ఎత్తుడు ఎట్లనో బుక్కుల లేదా?" అంది.

"లేదు పెద్దమ్మా" అన్నాడాయన, వగరుస్తూ.

సందులో ఉండే ట్యూషను పిల్లలు గేటు దగ్గర నోళ్లు మూసుకుని నవ్వారు. ఆయన భుజం కమిలింది. తడిబట్టకు జలుబు చేసి గొంతు బొంగురుపోయింది. సాయంత్రం పాఠం చెబుతుంటే మొదటి వరుస పిల్లలకు కూడా వినిపించడం లేదు. అంత కంచు గొంతు.

మామ్మగారు గుమ్మంలో కూర్చుని కొడుకు రావడం చూసేది. ఆయన బిందె దించుతుంటే లేచి ఎదురు వెళ్లబోయి, మడి గుర్తొచ్చి ఆగిపోయేది. తగలకూడదు కదా. చెయ్యి గాల్లో ఉండిపోయేది. "ఎంత కష్టం వచ్చిందిరా నాన్నా నీకు" అనేది. ఇన్నాళ్లు అక్క అదే గుమ్మంలో అదే బిందె దించింది.

వారం తిరగలేదు. ఒక పొద్దున నేను లేచి బయటికి వచ్చేసరికి మామ్మగారు తడి చీరతో హౌజు పక్కన నిలబడి ఉంది. పెద్దవ్వ అరుగుమీద ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు. అమ్మ గుమ్మంలో ఆగిపోయి, నన్ను రెక్క పట్టుకుని ఆపింది.

"కాస్త చెంబు" అంది మామ్మగారు.

"ఆడ్నే ఉన్నది. రోజు ఉన్నకాడనే ఉన్నది" అంది పెద్దవ్వ. ఆ మాటలో ఇంకా చాలా ఉంది గానీ, అంతటితో మింగేసింది.

మామ్మగారు బిందె నింపుకుంది. కుంటుకుంటూ తన గుమ్మం దాకా పోయి దించుకుని, అందులో తులసి దళం వేసింది. నీళ్లమీద చెయ్యి చాపి, కళ్లు మూసుకుని నదుల పేర్లు చదవడం మొదలుపెట్టింది. గంగ, యమున, గోదావరి, కావేరి. ఎక్కడెక్కడి నదుల్నో పేరుపేరునా పిలిచి, ఈ బిందెలోకి వచ్చి ఉండమని అడగడం. ఆ నదులు వచ్చాక ఇక ఆ నీళ్లకు వంక లేదట. పూజ చేసుకునే వాళ్లింట్లో రోజూ ఉండేదే.

లోపల మంచం మీద నుంచి అక్క గొంతు వినిపించింది. గట్టిగా కాదు. వాకిలంతా నిశ్శబ్దంగా ఉంది కాబట్టి వినిపించింది.

"ఆ నదుల్ని మొదటిరోజే పిలవొచ్చుగా అత్తయ్యగారూ."

మామ్మగారి చెయ్యి నీళ్లమీద అలాగే ఉంది. కోప్పడుతుందేమో అనుకున్నాను.

"తోచలేదే అమ్మాయ్" అంది.

ఆ రోజు బియ్యం కడుగుతూ మా అమ్మ తనలో తను గొణుక్కుంది. "కోడలు మోస్తే బిందెల నీళ్లొచ్చినయి. కొడుకు మోస్తే కండ్లల్ల నీళ్లొచ్చినయి." నాయిన విననట్టు చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

అక్క కాన్పు దాకా మంచం మీదే ఉంది. వాకిలి ఆడవాళ్లం వంతులవారీగా ఆమెకు అన్నీ చేశాం. పెద్దవ్వ సర్వపిండి చేసి పంపేది, మామ్మగారు దాన్ని తీసుకుని మళ్లీ గిన్నె నిండా ఏదో ఒకటి పంపేది. వాళ్ల మాటలు మళ్లీ కలిశాయి గానీ, గాబూ హౌజూ అని పరాచికాలాడుకోవడం మాత్రం నేను మళ్లీ వినలేదు. "అది" అనేవాళ్లు ఇద్దరూ. "దాంట్లో నీళ్లున్నాయా?" "దాంట్ల ఉన్నయి."

సారు కూడా మాటల పుట్టుక చెప్పడం మానేశాడు. అమ్మ కొత్త మాట ఏదన్నా అంటే ఆయన చెయ్యి సగం లేచి, మళ్లీ దిగిపోయేది. అమ్మకు పప్పు మాడడం తప్పింది. అయినా ఆయన అడగకపోతే ఏదో వెలితిగా ఉందనేది.

మొదటి వానలు పడ్డాక ఆడపిల్ల పుట్టింది. నల్లగా, పిడికెడంత, గొంతు మాత్రం తండ్రిది. పురుడు రోజున మామ్మగారే నీళ్లు పోసింది. హౌజు పక్కన పీటమీద కూర్చుని, వాచిన కాళ్లు బారజాపి, ఆ కాళ్లమీద బిడ్డను పడుకోబెట్టుకుంది. సున్నిపిండి వాసన, సాంబ్రాణి పొగ, తడి మట్టి వాసన. వాకిలంతా చుట్టూ చేరాం. అక్కను మంచంతో సహా గుమ్మంలోకి తెచ్చి పెట్టారు, చూడాలని ఉందంటే.

మామ్మగారు ఒక చెంబు నీళ్లు పోసింది. బిడ్డ కేరుమంది. రెండోది పోసింది. పక్కనున్న సర్వగిన్నెలో నీళ్లు అయిపోయాయి.

"అమ్మాయ్, నీళ్లు" అంది మామ్మగారు, తల తిప్పకుండా. ఇన్నేళ్ల అలవాటు. పక్కన కోడలు ఉంటుంది, అడిగితే అందిస్తుంది.

అక్క కదలలేదు. లేవడానికి ప్రయత్నం కూడా చెయ్యలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డ భర్త వంక చూసి, "మీరు అందుకోండి" అంది. మామూలుగానే అంది, ఉప్పు అందుకోండి అన్నట్టు.

అమ్మ ముందుకు అడుగేసింది. పెద్దవ్వ ఆమె కొంగు పట్టుకుని ఆపింది.

సారు పంచె ఎగగట్టి హౌజు దగ్గరకు పోయాడు. చెంబు ముంచాడు. ఈసారి ఒలకలేదు. తల్లికి అందించాడు. మామ్మగారు తలెత్తి ఎవరు అందిస్తున్నారో చూసింది. తీసుకుని, బిడ్డమీద పోసింది. ఆయన మళ్లీ ముంచాడు.

తర్వాత వాళ్లు వనస్థలిపురం వైపు ఇల్లు కట్టుకుని వెళ్లిపోయారని విన్నాను. మేం కొత్తపేటకు మారాం. పెద్దవ్వ పోయాక ఆ వాకిలి కూలగొట్టి కాంప్లెక్సు కట్టారు. ద్రాక్షతోటల సంగతి చెప్పనే అక్కర్లేదు. నాకు పెళ్లయింది, నేనూ మోశాను. బోరింగు దగ్గర, కొళాయి దగ్గర, లారీ దగ్గర, మెట్లమీద. ఏ బిందె ఎవరి కోసం మోశానో గుర్తులేదు. మోసినట్టు మాత్రం నడుముకు గుర్తుంది.

ఆ పురుడు నాటి బిడ్డ ముఖం ఎంత గుర్తు చేసుకున్నా రాదు నాకు. వచ్చేదల్లా అక్క ముఖమే. గుమ్మంలో మంచం మీద వెనక్కి వాలి, కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోలేదు. పెదవులు కొంచెం తెరుచుకుని ఉన్నాయి. హౌజులో చెంబు మునిగిన చప్పుడు, పైకి లేచిన చప్పుడు, నీళ్లు పడ్డ చప్పుడు, మళ్లీ మునిగిన చప్పుడు. ఇంకెవరో తోడుతుంటే ఆ నీళ్ల చప్పుడు ఎలా ఉంటుందో, పడుకుని వింటోంది.